పులుపు ఎక్కడ ఆగాలి

బ్రిటన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా చెడ్డర్ చీజ్ అరల నిండా ఉంటుంది. ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా బిగించిన లేతపసుపు ఇటుకలు, వాటి మీద మైల్డ్, మెచ్యూర్, ఎక్స్‌ట్రా మెచ్యూర్ అని చీటీలు. పిల్లల టోస్ట్ మీదికీ, అప్పుడప్పుడూ దోసె మీదికీ మేమూ అదే కొంటాం. దాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ధర అందుబాటులో ఉంటుంది, ఏ నెల కొన్నా రుచి ఒకటే, పైగా చాలావాటి మీద శాకాహారులు తినొచ్చని రాసి ఉంటుంది. మా ఆయన శాకాహారి కనక ఆ చివరి మాటకు మా ఇంట్లో విలువెక్కువ.

ఆ చీజ్‌కి పుట్టిల్లు ఇంగ్లండ్ నైరుతి మూలనున్న సోమర్సెట్ కౌంటీ. చెడ్డర్ అనే ఊరు అక్కడే, మెండిప్ కొండల అంచున ఉంది. ఆ కౌంటీలో ఇప్పటికీ కొద్దిమంది రైతులు తమ ఆవుల పచ్చిపాలతో చెడ్డర్ చేసి, గుడ్డ చుట్టి, ఏడాది, ఏడాదిన్నర మాగబెట్టి అమ్ముతున్నారు. మేమిద్దరం ఒక రోజు సెలవు పెట్టుకుని రెడింగ్ నుంచి కారులో బయల్దేరాం. స్టోన్‌హెంజ్ పక్కగా పోయే ఏ303 రోడ్డు ఆ రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇరుకవుతుంది, కార్లన్నీ పాకుతాయి. మేం చేరేసరికి బాగా పొద్దెక్కింది. "పాలు ఎప్పుడో తొట్టిలో పడ్డాయి. చూడాల్సిన పని మాత్రం ఇంకా మొదలవలేదు, రండి" అంది చీజ్ చేసే ఆవిడ. పేరు వెయ్యొద్దంది కనక ఆవిడ అనే రాస్తాను.

లోపలికి అడుగు పెట్టేముందు తెల్లకోటు, జుట్టుకు జాలీటోపీ, రబ్బరు బూట్లు. మోచేతుల దాకా చేతులు కడుక్కోమంది. నా గాజులు తీయించి ఒక గిన్నెలో వేయించింది. ఉంగరం ఊడిరాక మా ఆయన సబ్బుతో కాసేపు కుస్తీ పట్టారు.

వెనకటి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1170లో రెండో హెన్రీ రాజు 10,240 పౌండ్ల చెడ్డర్ కొన్నట్టు రాజుగారి లెక్కల్లో ఉంది. అంటే ఎనిమిదిన్నర శతాబ్దాల పేరు. అయినా ఇవాళ మనం చెడ్డర్ అనుకునే దానికి ఒక పద్ధతి ఏర్పరిచినవాడు 19వ శతాబ్దపు సోమర్సెట్ రైతు జోసెఫ్ హార్డింగ్. అంతకుముందు ఇంటికో తీరు, చేతికో వాటం. ఆయన పరిశుభ్రత, వేడి, పులుపు ఈ మూడిటికీ కొలత ఉండాలన్నాడు, అడిగినవాళ్ళందరికీ నేర్పాడు. అమెరికా వాళ్ళు వచ్చి నేర్చుకుపోయారు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం పాలను ఒకచోటికి మళ్ళించి, రేషన్‌లో పంచడానికి ఒకే రకం గట్టి చీజ్ చేయించింది. దానికి గవర్నమెంట్ చెడ్డర్ అనే పేరు పడింది. రేషన్ 1954 దాకా సాగింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటన్‌లో మూడున్నర వేలమంది దాకా ఉన్న చీజ్ తయారీదారులు రెండో యుద్ధం ముగిసేసరికి వందలోపుకి వచ్చారని చెబుతారు. పని తెలిసిన చేతులు అలా తరిగిపోయాయి. మిగిలినవాళ్ళలో నార్త్ కాడ్‌బరీ మాంట్‌గమరీలు, వింకాంటన్ దగ్గర 1899 నుంచి చీజ్ చేస్తున్న కీన్ కుటుంబం, ఎవర్‌క్రీచ్ దగ్గరి వెస్ట్‌కూంబ్ డెయిరీ పేర్లు చీజ్ తెలిసినవాళ్ళందరికీ తెలుసు. మేం వెళ్ళింది వీళ్ళకన్నా చిన్న చోటు.

ఈ చీజ్ చేయడమంటే పాలను పులవనివ్వడం, పులుపు చాలనుకున్నచోట ఆపడం. తక్కినదంతా ఈ రెండింటి నడుమ నడిచే వ్యవహారం. వినడానికి ఇంతే. పాలు మాత్రం ఏ రోజుకారోజు వేరు. వసంతంలో కొత్త గడ్డి మేసిన ఆవు పాలు ఒకలా ఉంటాయి, చలికాలంలో కొట్టంలో ఎండుమేత తిన్నప్పుడు మరోలా, ఈనిన కొత్తలో ఒకలా, వట్టిపోయే ముందు ఇంకోలా. ఫ్యాక్టరీ ఈ తేడాలన్నిటినీ చెరిపేసి పని మొదలుపెడుతుంది. వందల ఆవుల పాలు కలిపి, వేడిచేసి, వెన్న ఎంత, మాంసకృత్తులు ఎంత అని సరిచూసుకుంటుంది. ఈవిడకు ఆ వీలు లేదు. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున పిండిన పాలు ఎలా వస్తే అలా తొట్టిలోకి వస్తాయి. వాటి తీరు చూసి తన తీరు మార్చుకోవాల్సింది ఆవిడే.

మొదట తోడు. పెద్ద కర్మాగారాల్లో బ్యాక్టీరియా పొడి పొట్లాల్లో వస్తుంది, కత్తిరించి పాలలో చల్లుకోవడమే. ఇక్కడ వాడేది పైంట్ స్టార్టర్ అనే పాతకాలపు తోడు. చిన్న సీసాడు, గడ్డకట్టించినది, వస్తుంది. దాన్ని ముందురోజే కాచి చల్లార్చిన పాలలో పెంచుకుని, మర్నాడు తొట్టిలో కలుపుతారు. ఈ తోడు రకాలను నాశనం కాకుండా కాపాడుకొస్తున్నది డిచీట్ గ్రామంలోని బార్బర్ కుటుంబం, 1833 నుంచి చీజ్ చేస్తున్న ఇల్లు. వారంలో రోజుకో రకం తోడు వాడేవాళ్ళున్నారు. రుచి కోసమే కాదు. ఒకే తోడు రోజూ వాడితే దాన్ని తినేసే వైరస్‌లు గదిలో పేరుకుంటాయి. తోడు చచ్చిపోతే పాలు పులవవు, ఆ రోజు పనంతా వృథా. మార్చి మార్చి వాడితే ఆ వైరస్‌లకు పట్టు దొరకదు. దీనివల్ల ఇంకొక సంగతి జరుగుతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తోడు పట్టాక రెన్నెట్ పోస్తారు. పాలు తాగే దూడ పొట్టలోని నాలుగో అర నుంచి తీసే ఎంజైము అది. పాలను గడ్డకట్టించేది అదే. ఈ మాట వినగానే మా ఆయన ముఖం చిన్నబోయింది. ఆవిడ కనిపెట్టి, "మీరు చూడడానికి వచ్చారుగా, చూడండి" అంది. గంటలోపే పాలు గట్టిపడతాయి. ఆ గడ్డను నిలువు కత్తులతో, అడ్డ కత్తులతో బఠాణీ గింజలంత ముక్కలుగా కోస్తారు. తర్వాత తొట్టిని మెల్లగా నలభై డిగ్రీల వరకు వేడిచేస్తూ కలుపుతూ ఉంటారు. ముక్కలు ముడుచుకుని లోపలి తేటను బయటికి వదులుతాయి. మేం లోపలికి వెళ్ళేసరికి పని అక్కడి దాకా వచ్చింది. కలపడం ఆపారు. ముక్కలు అడుక్కి దిగాయి. కుళాయి విప్పగానే ఆకుపచ్చ ఛాయ ఉన్న తేట ధారగా కాలవలోకి పోయింది. గదంతా పాల వాసన, దాని వెనకే సన్నగా పులుపు.

ఇక్కడి నుంచి ఈవిడ పని అసలు పని. తేట పోగానే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని తొట్టి అడుగున మెత్తటి పరుపులా పడ్డాయి. నడుమ పొడవునా దారి తీసి, రెండు వైపులా మిగిలినదాన్ని పెద్ద కత్తితో దిమ్మెలుగా కోసింది. ఒక్కో దిమ్మె ఎత్తాలంటే రెండు చేతులూ కింద నుంచి పట్టాలి. తిప్పి వేసింది. కాసేపు ఆగి మళ్ళీ తిప్పి ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఇంకాసేపాగి మూడో దాన్నీ పేర్చింది. బరువుకి దిమ్మె పల్చబడుతుంది, సాగుతుంది, లోపల చిక్కిన తేట ఒత్తిడికి బయటికొస్తుంది. దీనికే చెడ్డరింగ్ అని పేరు. పది, పదిహేను నిమిషాలకోసారి ఇదే తంతు. పైనున్నవి కిందికి, అంచునున్నవి నడుమకి. ఏ ముక్కా చల్లబడిపోకూడదు, ఏ ముక్కా ఎక్కువసేపు అణిగి ఉండకూడదు. ఆవిడకు సాయం చేసే కుర్రాడు తొట్టికి అవతలి పక్క. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు, చేతులు మాత్రం ఒకే వేగంతో కదులుతున్నాయి.

నేను అడిగితే ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. మొదటిసారి ఇచ్చినప్పుడు అది నలిగితే పొడి పొడిగా రాలింది, నోట్లో వేసుకుంటే చప్పగా, పళ్ళ మధ్య కీచుమంది. గంట తర్వాత అదే తొట్టి నుంచి ఇంకో ముక్క ఇచ్చింది. దాన్ని లాగితే రాలలేదు. నిలువునా చీలింది, చీలినచోట పోగులు పోగులుగా కనబడింది. పైన జిడ్డు మెరుపు. వాసనలో పులుపు ఒక మెట్టెక్కింది. నా కళ్ళముందు ఎవరూ ఏమీ కలపలేదు. తిప్పడం, పేర్చడం, ఆగడం. అంతే జరిగింది.

మధ్యమధ్య కుర్రాడు తొట్టి కిందినుంచి కారే తేటను కొద్దిగా పట్టి, తెల్ల పింగాణీ గిన్నెలో పోసి, సూచిక చుక్కలు వేసి, గాజు గొట్టంలోంచి సోడా ద్రావణం ఒక్కొక్క బొట్టే వదులుతున్నాడు. తేట లేత గులాబీ రంగుకి తిరిగి నిలబడగానే గొట్టం మీద అంకె చూసి పుస్తకంలో వేస్తాడు. ఎంత సోడా పట్టిందో అంత పులుపు ఉందన్నమాట. మా ఆయన సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తారు. అంకె కనబడితే ఊరుకోలేరు. "ఆ అంకె రాగానే గంట మోగేట్టు పెట్టుకోవచ్చు కదా, చేత్తో నొక్కి చూడ్డమెందుకు?" అని అడిగారు.

ఆవిడ దిమ్మె తిప్పుతూనే జవాబిచ్చింది. "గంట మోగుతుంది. ఆ అంకె ఎంత సేపట్లో వచ్చిందో గంటకు తెలియదు."

నాకు ఈ ప్రయాణంలో దొరికిన అసలు మాట ఇది. పులుపు తొందరగా ఎక్కితే తేట పూర్తిగా దిగకముందే అంకె వచ్చేస్తుంది. దిమ్మె లోపల తడి మిగిలిపోతుంది, ఆ చీజ్ నెలలు గడిచేకొద్దీ పుల్లగా, చేదుగా తిరుగుతుంది. నెమ్మదిగా ఎక్కితే తేట ముందే పోయి దిమ్మె ఎండి బిరుసెక్కుతుంది. అంకె రెండుసార్లూ అదే. అందుకే పాలు తొందరపడుతున్న రోజు ఆవిడ దిమ్మెల్ని చిన్నగా కోస్తుంది, ఎక్కువసార్లు తిప్పుతుంది. అవి బద్ధకించిన రోజు ఎత్తుగా పేర్చి వెచ్చగా ఉంచుతుంది. ఇవాళ్టి పాలు ఎలా నడుస్తున్నాయో వేలి కింద దిమ్మె ఎంత లొంగుతోందో చూసి చెబుతుంది. అంకెను కాదనదు, కానీ అంకెను నమ్మే ముందు దిమ్మెను అడుగుతుంది. హార్డింగ్ కొలతలు నేర్పిన నేల మీద కొలతకు మించిన ఈ తెలివి ఇంకా చేతుల్లో ఉండడం నాకు ముచ్చటేసింది.

ఒక్కసారిగా "చాలు" అంది. అంకె అప్పటికి ఇంకో బొట్టు దూరంలో ఉంది.

ఇక అక్కడినుంచి హడావుడి. దిమ్మెల్ని మిల్లులో వేశారు. ముక్కలు కోసే మిల్లులున్నాయి, చీల్చే మిల్లులున్నాయి. ఇక్కడిది మేకుల మిల్లు, తిరిగే మేకుల మధ్య దిమ్మె చిరిగి ముక్కలవుతుంది. మాంట్‌గమరీ వాళ్ళు కూడా పాత మేకుల మిల్లే వాడతారు. కోసిన అంచు నున్నగా ఉంటుంది, చిరిగినది గరుకు. ఆ గరుకు అంచులు ప్రెస్‌లో అతుక్కున్నా పూర్తిగా ఒకటైపోవు. అందుకే ఇలాంటి చెడ్డర్ కోస్తే నున్నటి ముక్క రాదు, పెళుసుగా విరుగుతుంది. వెంటనే ఉప్పు. నూటికి రెండు వంతుల దాకా. ఉప్పు తగలగానే బ్యాక్టీరియా జోరు తగ్గుతుంది. పొద్దుటి నుంచి పరుగెత్తుతున్న పులుపు అక్కడ ఆగుతుంది. ఆవిడ "చాలు" అన్న క్షణానికీ ఉప్పు కలిసే క్షణానికీ మధ్య ఎంత సేపో అదీ ఆవిడ లెక్కలో ఉందని తర్వాత అర్థమైంది. ఒక బొట్టు ముందే ఎందుకందో నేను అడగలేదు, అడగాల్సిన పని లేకపోయింది.

గుడ్డ పరిచిన అచ్చుల్లో నింపి ప్రెస్‌లో పెడతారు. మర్నాడు తీసి వేణ్ణీళ్ళలో ముంచితే పైన పలచటి చర్మం కడుతుంది. తర్వాత కరిగిన పందికొవ్వు రాసిన మల్లుగుడ్డ. పైనొకటి, కిందొకటి గుండ్రటి ముక్కలు, చుట్టూ పట్టీ. ఒకదాని మీద ఒకటి పొరలు. ఈ గుడ్డ చుట్టడం మేం నిన్నటి చక్రాల మీద చూశాం. ఇక్కడ కొలతేమీ లేదు, చేతివేళ్ళే. గుడ్డకూ చీజ్‌కూ మధ్య గాలి బుడగ మిగిలితే అక్కడ బూజు చొరబడుతుంది, పగులు పడుతుంది, నీలిరంగు గీత లోపలికి దిగుతుంది. కుర్రాడు పట్టీ అంచుల్ని మడిచి బొటనవేలితో కొవ్వును ముందుకు తోసుకుంటూ పోయాడు. మూలల దగ్గర ఒక్క ముడత లేదు. మళ్ళీ ప్రెస్‌లోకి. గుడ్డ చీజ్‌కు చర్మంలా పట్టేదాకా.

ఒక్కో చక్రం పాతిక కిలోలు. కిలోకి పది లీటర్ల పాలు పడతాయి, అంటే రెండువందల యాభై లీటర్లు ఒక చక్రంలో కూర్చున్నాయి. మాగబెట్టే గదిలో చెక్క బల్లల మీద వరసల్లో ఉన్నాయి. చల్లగా, తేమగా, అమ్మోనియా వాసన కొద్దిగా ముక్కుకి తగిలేలా ఉంది. గుడ్డ మీద బూడిదరంగు, గోధుమరంగు బూజు మేక చర్మంలా పరుచుకుంది. చక్రాల్ని మొదట్లో తరచుగా, తర్వాత తక్కువగా తిప్పుతుంటారు, లేకపోతే తేమ అంతా అడుక్కి దిగుతుంది. కంటికానని పురుగులు గుడ్డను తొలిచి లోపలికి పోతుంటాయి. వాటిని బ్రష్‌తో, గాలితో ఊదేస్తుంటారు. వెస్ట్‌కూంబ్ డెయిరీలో ఈ తిప్పడం, తుడవడం రోబో చేస్తుంది. టీనా ద టర్నర్ అని పేరు పెట్టారు. దీన్ని కొందరు తప్పుపడతారు కానీ నేను పట్టను. పాతిక కిలోల చక్రాల్ని రోజుకి కొన్ని వందలు తిప్పడం నడుం పడిపోయే పని తప్ప అందులో తీర్మానం ఏమీ లేదు. చేత్తో చేసిందల్లా పనితనమని మనవాళ్ళు కూడా అనుకుంటుంటారు. ఎక్కడ చెయ్యి ఆలోచిస్తుందో అక్కడ చెయ్యి ఉండాలి, తక్కినచోట మరకు అప్పగిస్తే మంచిదే.

ఈ సరుకు విలువ ఎంతో 2024లో పేపర్లలో కూడా వచ్చింది. లండన్‌లో చీజ్ అమ్మే నీల్స్ యార్డ్ డెయిరీని ఒక మోసగాడు ఫ్రాన్సులోని ఒక పెద్ద దుకాణ సంస్థ తరఫు కొనుగోలుదారునని నమ్మించి 22 టన్నుల గుడ్డచుట్టిన చెడ్డర్ కాజేశాడు. మూడు లక్షల పౌండ్లకు పైబడిన సరుకు. నీల్స్ యార్డ్ తాను నష్టపోయినా చీజ్ చేసినవాళ్ళకు మాత్రం డబ్బు కట్టేసింది.

గది చివర ఆవిడ రెండు చక్రాలు చూపించింది. రెండూ ఒకే నెలలో, వరసగా రెండు రోజుల్లో చేసినవి, ఏడాది దాటినవి. తోడు గురించి చెబుతూ ఆపేసిన సంగతి ఇక్కడే తేలుతుంది. ఆ రెండు రోజుల తోడు వేరు. ఒక చక్రంలోకి చీజ్ ఐరన్ గుచ్చింది. బస్తాలో బియ్యం చూడడానికి కొట్టువాళ్ళు గుచ్చే గొట్టం లాంటిదే, ఇంకా సన్నగా ఉంటుంది. తిప్పి లాగితే లోపలి నుంచి పొడవాటి కడ్డీ వచ్చింది. ముందుగా వాసన చూసింది. తర్వాత కొస చిదిమి బొటనవేలు, చూపుడువేలి మధ్య రుద్దింది. మెత్తబడి వెన్నలా పాకిందా, రవ్వలా నలిగిందా అని. రెండో చక్రానికీ అలాగే చేసింది. తినకుండానే సగం తీర్పు అయిపోతుందట.

ఈ మాట వినగానే మా ఆయన ముందుకొచ్చారు. ఆయనకు తినేందుకు లేదు గానీ వాసనకు, వేళ్ళకు అడ్డేమీ లేదు. రెండు కడ్డీలూ ఆయన చేతిలో పెట్టింది. ఆయన పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా ఒకటి, ఇంకొకటి, మళ్ళీ మొదటిది చూశారు. "మొదటిదాంట్లో ఉడికిన ఉల్లిపాయ వాసన ఉంది. రెండోదాంట్లో తడిసిన గడ్డి" అన్నారు. నేను రెండూ తిన్నాను. మొదటిది నాలుక మీద వెంటనే గుప్పున వచ్చి పోయింది, పళ్ళ కింద ఎక్కడో చిన్న స్ఫటికం తగిలింది. రెండోది మొదట ఏమీ లేనట్టుంది, మింగాక వచ్చింది, చాలాసేపు పోలేదు.

"ఏది బాగుంది?" అంది ఆవిడ.

"మొదటిది" అన్నారాయన.

లండన్ నుంచి వచ్చే కొనుగోలుదారుకూ ఆ తోడు వాడిన రోజువే నచ్చుతాయట, గుచ్చి చూసుకుని ముందు అవే పట్టుకుపోతాడట. ఆవిడ ఇష్టం మాత్రం రెండోది. దాన్ని ఇంకో నాలుగు నెలలు ఉంచుతానని చెప్పి కడ్డీ మిగిలిన ముక్కను మళ్ళీ రంధ్రంలో దూర్చి, పైన చీజ్ పాముతూ మూసేసింది, పుస్తకంలో రాసుకుంది. నా ఓటు ఆవిడకే. ముందే కోసిపెట్టిన చక్రాల్లో ఆ రెండో తోడు రోజుది ఒకటి ఉంటే అరకిలో కోయించుకున్నాను. ప్లాస్టిక్‌లో చుట్టొద్దని, కాగితంలోనే ఉంచమని, తినే గంట ముందు ఫ్రిజ్ నుంచి తీయమని చెప్పింది.

పోయిన తేటలోంచి మీగడ తీసి వెన్న చేస్తారు, కౌంటర్ మీద ముద్దలు పెట్టి ఉన్నాయి. మా ఆయన ఆశగా అటు చూశారు. "తేటలోనూ రెన్నెట్ ఉంటుందండీ" అని ఆవిడే ముందు చెప్పేసింది. పాలు అయితే ఇబ్బంది లేదంది. పొద్దున పిండిన పచ్చిపాలు ఒక సీసా కొనుక్కుని ఆయన కారెక్కారు.